రోడ్డు అంచనా ఎక్కడ తడిసి మోపెడవుతుంది?

గతుకులు పడిన తారు రోడ్డు మీద కొత్త పొర వేయడం పెద్ద ప్రాజెక్టుల లెక్కలోకి రాదు. ఫ్లైఓవర్‌కు ఉండే భూసేకరణ గొడవ దీనికి లేదు. కొత్తగా డిజైన్ చేయాల్సిందీ పెద్దగా ఉండదు. పొడవు, వెడల్పు, మందం గుణిస్తే పని ఎంతో తేలిపోతుంది, దానికి రేటు కడితే అంచనా తయారు. ఇంత సూటి పనిలో కూడా తిరుపతి, చిత్తూరు లాంటి నగరాల్లో పాతిక లక్షలనుకున్నది ముప్ఫై దాటడం, సవరించిన అంచనా మళ్లీ మంజూరు కోసం పైకి వెళ్లడం ఎవరినీ ఆశ్చర్యపరచడం లేదు.

ఎందుకు పెరిగిందని అడిగితే ముందు వచ్చే జవాబు తారు ధర. అందులో అబద్ధం లేదు. చమురు కంపెనీలు తారు ధరను నెలకు రెండుసార్లు, 1న, 16న సవరిస్తాయి. ఏప్రిల్‌లో అంచనా వేసి ఆగస్టులో టెండరు పిలిచి జనవరిలో పని చేస్తే ఈ మధ్యలో ధర ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టుకోవచ్చు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ముడిచమురు పీపా వంద డాలర్లు దాటింది, తారూ దాని వెంటే ఎక్కింది. అదే ఏడాది జూలై 18 నుంచి ప్రభుత్వ రోడ్డు పనుల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. అప్పటికే అగ్రిమెంట్లు రాసుకున్నవాళ్లు రెండు వైపుల నుంచీ దెబ్బ తిన్నారు.

అయితే ఈ రెండూ బయటి నుంచి వచ్చినవి. కాగితం చూపించి రుజువు చేయగలిగినవి, ఎవరి తప్పూ కానివి. చర్చంతా వాటి చుట్టూనే తిరగడానికి అది కూడా ఒక కారణం. రేటును కాసేపు పక్కన పెట్టి పరిమాణం వైపు చూస్తే వేరే సంగతి బయటపడుతుంది.

తిరుపతిలో బైరాగిపట్టెడలోనో కొర్లగుంటలోనో కిలోమీటరు పొడవు, ఐదున్నర మీటర్ల వెడల్పు ఉన్న రోడ్డు ఒకటి ఉందనుకుందాం. దాని మీద 30 మిల్లీమీటర్ల పొర వేయాలి. విస్తీర్ణం 5,500 చదరపు మీటర్లు, పొర పరిమాణం 165 క్యూబిక్ మీటర్లు. రోలర్ తొక్కాక క్యూబిక్ మీటరు మిక్స్, అంటే తారు, కంకర కలిపిన సరుకు, సుమారు 2.4 టన్నులు తూగుతుంది కాబట్టి మొత్తం 396 టన్నులు. అందులో తారు బరువులో 5.4 శాతం అనుకుంటే 21 టన్నుల పైచిలుకు. లెక్క తేలిగ్గా ఉండటానికి టన్ను తారు 50 వేలు, వేసి రోలింగ్ చేసిన టన్ను మిక్స్ 6 వేలు అనుకుందాం. ఇవి ఏ నెల రేట్లూ కావు, ఉదాహరణ కోసమే. పొర ఖర్చు 23.76 లక్షలు అవుతుంది.

ఇప్పుడు తారు ధర పది శాతం పెరిగిందనుకోండి. అదనంగా పడేది లక్షా ఏడు వేలు. ధరను కదపకుండా మందం మాత్రం సగటున ఐదు మిల్లీమీటర్లు ఎక్కువ పడిందనుకోండి. అదనంగా 66 టన్నులు, అంటే 3.96 లక్షలు. పేపర్లలో పతాక శీర్షికకెక్కే ధర పెరుగుదల కంటే, కంటితో చూసి ఎవరూ చెప్పలేని ఐదు మిల్లీమీటర్లు దాదాపు నాలుగు రెట్లు ఖరీదు. ఆ డబ్బుతో పక్క వార్డులో ఇంకో 166 మీటర్ల రోడ్డు పడేది.

స్థానిక రోడ్ల ఖర్చు పెరుగుదలలో ఎక్కువ భాగం ఇలా పరిమాణంలోనే దాక్కుని ఉంటుంది. పరిమాణం తప్పేది రోడ్డు వేసేటప్పుడు కాదు, అంచనా రాసేటప్పుడు. పని జరిగేటప్పుడు బయటపడుతుంది, అంతే.

ఐదు మిల్లీమీటర్లు ఎక్కడికి పోతాయి

పాత రోడ్డు బల్లపరుపుగా ఉండదు. బస్సులు బ్రేకు వేసి ఆగే చోట తారు ముందుకు తోసుకుపోయి అలలు లేస్తుంది. బరువు బళ్ల చక్రాలు ఒకే వరసలో పోయే చోట గాడి పడుతుంది. పగలూ రాత్రీ యాత్రికుల బస్సులు తిరిగే తిరుపతిలో, ఆర్టీసీ బస్టాండు చుట్టూ, లీలామహల్ సర్కిల్ దగ్గర, అలిపిరి వైపు పోయే దారుల్లో ఇది మిగతా పట్టణాల కంటే ఎక్కువ. ఆ గాళ్లు నిండిన తర్వాతే పైపొర మందం లెక్కకు వస్తుంది. మిక్స్ పరిచే పేవర్ యంత్రం పైన చదునుగా వేసుకుంటూ పోతుంది కాబట్టి గాడి ఉన్నచోట 30 బదులు 45 మిల్లీమీటర్లు దిగిపోతుంది.

దీనికి అంచనాలో ప్రొఫైల్ కరెక్షన్ అని వేరే ఐటం ఉండాలి. అది ఉండాలంటే ఎవరో ఒకరు లెవెల్ యంత్రం పట్టుకుని పది మీటర్లకోసారి, రోడ్డు మధ్యలో, రెండు అంచుల్లో మట్టాలు తీయాలి. కిలోమీటరుకు మూడు వందల పైచిలుకు రీడింగులు. ఇద్దరు మనుషులకు ఒకటి రెండు రోజుల పని. చాలా చోట్ల ఆ పని జరగదు. టేపుతో పొడవు, వెడల్పు కొలుస్తారు, మందం కోడ్ పుస్తకంలోంచి దిగుతుంది, గాళ్ల కోసం గుండుగుత్తగా ఏదో ఒక అంకె పడుతుంది. ఆ అంకె సరిపోదని తేలేసరికి పేవర్ రోడ్డు మధ్యలో ఉంటుంది, వెనకాల టిప్పర్లు బారులు తీరి ఉంటాయి. అక్కడ ఆపి చర్చించే వ్యవధి ఎవరికీ ఉండదు. మిక్స్ వేడి తగ్గితే పనికిరాదు. మామూలుగా వాడే వీజీ-30 రకం తారైతే పరిచేటప్పటికి మిక్స్ కనీసం 140 డిగ్రీలు ఉండాలి, రోలింగ్ 90 డిగ్రీలకు పడిపోయేలోగా అయిపోవాలి.

అందుకే పని జరిగే రోజున చేయదగిన అదుపు ఒకటే, టిప్పర్ లెక్క. పది టన్నుల లోడు 30 మిల్లీమీటర్ల మందంతో ఐదున్నర మీటర్ల వెడల్పున పరిస్తే పాతిక మీటర్లు రావాలి. 21 మీటర్లకే అయిపోతే అక్కడ మందం 36కు చేరినట్టు. 32 మీటర్లు వచ్చిందంటే 24కు పడిపోయినట్టు, అప్పుడు కార్పొరేషన్‌కు ఖర్చు పెరగలేదు కానీ రోడ్డు పోయినట్టే. వేబ్రిడ్జి చీటీ మీద ఉన్న బరువును, చాక్‌పీసుతో రోడ్డంచున గీసిన గీతను పక్కపక్కన పెట్టి చూడటానికి ఇంజినీరింగ్ డిగ్రీ కూడా అక్కర్లేదు. వార్డు సచివాలయంలో ఉండే ఎమెనిటీస్ కార్యదర్శి ఒక నోటుబుక్కుతో ఈ పని చేయగలరు. మూడో లోడుకే తేడా కనిపిస్తే అక్కడికక్కడ పేవర్ సెట్టింగు సరిచేయొచ్చు. పని అంతా అయ్యాక కోర్, అంటే రోడ్డును తొలిచి తీసే గుండ్రటి ముక్క, తీసి కొలిస్తే తప్పు తేలుతుంది గానీ డబ్బు వెనక్కి రాదు.

తారు ఇన్‌వాయిస్‌లకు కూడా ఇదే వర్తిస్తుంది. 396 టన్నుల మిక్స్‌కు 21 టన్నుల తారు పట్టాలి. చమురు కంపెనీ ఇచ్చిన అసలు ఇన్‌వాయిస్‌లలో అంత తారు కనిపించాలి. ఒకే ఇన్‌వాయిస్ రెండు పనులకు చూపకుండా దాని మీద పని పేరు రాసి సంతకం పెట్టాలి. ఖర్చుకీ నాణ్యతకీ ఒకేసారి కాపలా కాసే పద్ధతి ఇది, పైసా ఖర్చు లేనిది.

పైన పటారం, లోన లొటారం

రెండో పెద్ద జారుడు రోడ్డు అడుగున ఉంటుంది. మొసలి తోలులా గళ్లు గళ్లుగా పగిలిన తారు కనిపించిందంటే పైపొర ముసలిదైందని కాదు, కింద కంకర పొరే బలం కోల్పోయిందని. దాని మీద 30 మిల్లీమీటర్లు కాదు, 50 వేసినా మొదటి వానాకాలంలోనే ఆ గళ్లు మళ్లీ పైకి తేలతాయి. అక్కడ తవ్వి, తడి కంకర మిశ్రమంతో నింపి, తొక్కించి, ఆ తర్వాతే తారు వేయాలి. చదరపు మీటరుకు అయ్యే ఖర్చు మామూలు పొర కంటే చాలా ఎక్కువ.

అంచనాలో ఈ తవ్వి నింపే విస్తీర్ణం ఎంత అని రాయాలి. దాన్ని నడుచుకుంటూ పోయి, సుద్దతో గుర్తు పెట్టి, కొలవాలి. నాలుగైదు చోట్ల అడుగు లోతు గుంతలు తీసి చూడాలి. మరీ ముఖ్యమైన దారి అయితే బెంకల్‌మన్ బీమ్ పరీక్ష ఉంది. లోడు వేసిన లారీ చక్రం కింద రోడ్డు ఎంత కుంగి మళ్లీ లేస్తుందో అది కొలుస్తుంది. దాన్నిబట్టి పొర మందం నిర్ణయించే విధానం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) 81 కోడ్‌లో ఉంది. బరువును జారవిడిచి రోడ్డు కుంగుడు కొలిచే, ఇంకా ఆధునికమైన ఎఫ్‌డబ్ల్యూడీ యంత్రానికి ఐఆర్‌సీ 115 ఉంది. వీధి రోడ్లకు అంత హంగామా అక్కర్లేకపోవచ్చు. కానీ గునపంతో తీసే గుంతకు కూడా డబ్బుల్లేవని దాటేసి, తర్వాత అదనపు ఐటం కింద లక్షలు మంజూరు చేయడం మాత్రం వింత పొదుపు.

కొలిచినా సరే, ఎప్పుడు కొలిచారన్నది ఇంకో చిక్కు. ఈ ప్రాంతంలో అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. మిగతా రాష్ట్రంలో చాలా భాగానికి వానాకాలం ముగిసే సమయానికి ఇక్కడ మొదలవుతుంది. 2021 నవంబరు మూడో వారంలో తిరుపతి వీధులు వాగులయ్యాయి. శేషాచలం కొండల నీరు కపిలతీర్థం మీదుగా దూకింది, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట భయంతో చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించారు. అలాంటి వానకు ముందు కొలిచిన గుంతలకు, తర్వాత కనిపించే గుంతలకు పోలికే ఉండదు. జూలైలో కొలిచి అంచనా వేసి, జనవరిలో పని మొదలుపెడితే, మధ్యలో ఒక పూర్తి వానాకాలం గడిచిపోయింది. తవ్వి నింపాల్సిన విస్తీర్ణం రెట్టింపయిందని కాంట్రాక్టర్ అంటే అది మోసం కాకపోవచ్చు. నిజంగానే అయి ఉండొచ్చు.

ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. బడ్జెట్, పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లో టెండరు, అగ్రిమెంటు, అన్నీ దాటేసరికి ఆగస్టు, సెప్టెంబరు. అప్పుడు బ్రహ్మోత్సవాల తొందర. యాత్రికులు నడిచే దారులు బాగుండాలని గబగబా కొన్ని చోట్ల తారు పడుతుంది. నెల తిరక్కముందే ఈశాన్య వాన. తారు పనికి మంచి కాలమైన జనవరి నుంచి జూన్ దాకా చూస్తే, మార్చి ఆఖరులో నిధులు మురిగిపోతాయన్న ఆదరాబాదరా, మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతర, వేసవి సెలవుల యాత్రికుల రద్దీ. ఎన్నికల ఏడాదైతే అదీ దక్కదు. 2024లో మార్చి 16న మొదలైన ఎన్నికల కోడ్ జూన్ దాకా ఉంది, కొత్త పనులకు వేసవి అంతా పోయింది.

ఈ క్యాలెండర్‌ను మార్చడం కార్పొరేషన్ చేతిలో లేదు. కొలతల తేదీని మార్చడం ఉంది. వాన వెలిసిన డిసెంబరు ఆఖరులో, జనవరిలో రోడ్లన్నీ నడిచి దెబ్బతిన్న చోట్లు గుర్తించి, ఆ కొలతలతో మార్చిలోగా టెండర్లు ముగించి, ఏప్రిల్, మే నెలల్లో రాత్రిపూట పని చేయించుకునే ఏర్పాటు చేసుకుంటే అంచనాకూ పనికీ మధ్య వానాకాలం దూరదు. బడ్జెట్ సంవత్సరాన్ని దాటి మంజూరు ముందుగానే తీసుకోవాల్సి వస్తుంది. ఆ తలనొప్పి ఉంది. రాత్రి పనికి లైట్లు, ట్రాఫిక్ కాపలా, అదనపు కూలి ఉంటాయి. వాటిని అంచనాలోనే రాయాలి. పగలు చేస్తామని అంచనా వేసి, పోలీసులు పగలు వద్దన్నాక రాత్రికి మార్చి తేడా అడగడం కూడా ఖర్చు పెరిగే దారుల్లో ఒకటి, అదీ ముందే తెలిసినది.

మ్యాన్‌హోళ్లు, పైపులు, గడపలు

పాత తిరుపతి వీధుల్లో నడిస్తే కొన్ని ఇళ్ల గడపలు రోడ్డు కంటే కిందికి కనిపిస్తాయి. ఇళ్లు కుంగలేదు, రోడ్డే పొర మీద పొర పడి పైకి లేచింది. ఇక అక్కడ ఇంకో పొర వేయాలంటే ముందు పాత తారును మిల్లింగ్ యంత్రంతో చెక్కేయాలి. ఇది అంచనాలో లేకపోతే పని మొదలయ్యే రోజున వీధివాళ్లు అడ్డం నిలబడతారు. వాన నీళ్లు వాళ్ల నట్టింట్లోకి వస్తాయి మరి, వాళ్ల కోపంలో న్యాయముంది. అప్పటికప్పుడు మిల్లింగ్‌ను అదనపు ఐటంగా చేరుస్తారు. పోటీ లేకుండా కుదిరే రేటు కాబట్టి అది ఎప్పుడూ కాంట్రాక్టర్ వైపే మొగ్గుతుంది.

చెక్కిన సరుకు ఎవరిదన్నది ఇంకో మాట. మన ఉదాహరణ రోడ్డులో 30 మిల్లీమీటర్లు చెక్కితే నాలుగు వందల టన్నులకు దగ్గరగా పాత తారు కంకర వస్తుంది. దాన్ని కొత్త మిక్స్‌లో కొంత పాలు కలిపి వాడుకునే పద్ధతులకు ఐఆర్‌సీ 120 కోడ్ ఉంది. అదీ కాకపోతే మట్టి సందుల్లో పరచుకోవచ్చు. దానికి విలువ కట్టి అంచనాలో తగ్గించి చూపకపోతే ఆ లోడ్లు మాట్లాడకుండా ఊరు దాటతాయి, రవాణా ఖర్చు కూడా కార్పొరేషన్‌కే పడుతుంది.

మ్యాన్‌హోళ్లది చిన్న ఖర్చే, చికాకు మాత్రం పెద్దది. రోడ్డు పైకి లేస్తే మూత గుంటలో పడుతుంది, స్కూటర్ దాంట్లో పడుతుంది. వాటిని ముందే లెక్కపెట్టి, మూతలు లేపే ఐటం పెట్టుకోవాలి.

పైపుల కథ అంత చిన్నది కాదు. భూగర్భ డ్రైనేజీ, తాగునీటి కనెక్షన్లు, ఫోన్ కేబుళ్లు, ఇప్పుడు ఇంటింటి గ్యాస్ పైపులు. రోడ్డు వేసిన పదిహేను రోజులకే ఎవరో వచ్చి అడ్డంగా కోయడం చూడని వీధి ఉండదు. కోతకు కట్టించుకునే డబ్బు జనరల్ ఫండ్‌లో కలిసిపోతుంది, ఆ వీధిలోని కోత మాత్రం అలాగే ఉంటుంది. చివరికి ప్యాచ్‌వర్క్ ఖర్చు ఇంకో పద్దులో పడుతుంది కాబట్టి అసలు పని ఖర్చు పెరిగినట్టు కాగితం మీద కనిపించదు. దీన్ని కూడా ఖర్చు పెరుగుదల కిందే లెక్కపెట్టాలి. టెండరుకు ముందు అన్ని శాఖలనూ ఒక్కసారి కూర్చోబెట్టి రానున్న ఏడాదిలో ఎక్కడ తవ్వుతారో రాయించుకోవడం, ఆ జాబితాలో ఉన్న వీధులను ఈ ఏడాది తారు జాబితా నుంచి తీసేయడం, ఇంతకంటే చౌకైన పొదుపు కనిపించదు. తిరుపతిలో ఇది మరీ అవసరం. ఒక దారి జాతీయ రహదారి వాళ్లది, మరొకటి ఆర్ అండ్ బీది, ఇంకొకటి టీటీడీ చూసుకునేది, శివార్లలో తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) లేఅవుట్లు, ఆ పక్కనే పంచాయతీ. ఒకే దారి మూడు చేతులు మారే ఊళ్లో, సరిహద్దు దగ్గర వంద మీటర్లు ఎవరి లెక్కలోకి వస్తుందో ముందే తేల్చుకోకపోతే అది చివర్లో ఎవరో ఒకరి సవరణలో తేలుతుంది.

లెస్‌కు వేసిన టెండరు

చిన్న రోడ్ల పనులకు ఎక్కువగా పర్సెంటేజీ టెండర్లే ఉంటాయి. అంచనా మీద ఇంత శాతం తక్కువకో ఎక్కువకో చేస్తానని కాంట్రాక్టర్ ఒకే అంకె వేస్తాడు. ఇరవై శాతం లెస్‌కు వచ్చిందంటే ఆదా అయిందని సంబరపడతారు. ఐటం వారీగా రేట్లు మార్చే వీలు అతనికి లేదు. కాబట్టి ఆ ఇరవై శాతాన్ని తిరిగి రాబట్టుకోవడానికి మిగిలేవి పరిమాణం, నాణ్యత, అదనపు ఐటమ్‌లు. అంచనాలో ఎన్ని ఖాళీలు ఉంటే అతనికి అన్ని దారులు. ఖాళీలున్న అంచనాకు పెద్ద లెస్ వచ్చిందంటే సంతోషపడాల్సిన పని లేదు, ఆ అంచనాను కాంట్రాక్టర్ ఇంజినీరు కంటే శ్రద్ధగా చదివాడనుకోవాలి.

మొత్తం తప్పు కాంట్రాక్టర్ మీద తోసేయడం కూడా సరికాదు. బిల్లు ఎప్పుడొస్తుందో తెలియని చోట అతను వడ్డీని ముందే లెక్కలో వేసుకుంటాడు. కొన్నిసార్లు టెండరుకు ఎవరూ రారు, రెండోసారి, మూడోసారి పిలుస్తారు, ఈలోగా అంచనా పాతబడుతుంది. సకాలంలో బిల్లులు చెల్లించే కార్పొరేషన్‌కు మంచి రేట్లు దొరుకుతాయని చెప్పడానికి సర్వే అక్కర్లేదు.

తారు ధర విషయంలో కూడా కొంచెం పెద్దమనసు లాభదాయకం. కొద్ది నెలల్లో ముగిసే చిన్న పనుల అగ్రిమెంట్లలో ధర తేడా ఇచ్చే క్లాజు చాలాసార్లు ఉండదు. ధర పెరిగితే కాంట్రాక్టర్ పని ఆపి కూర్చుంటాడు, గడువు పొడిగింపు అడుగుతాడు, మధ్యలో వాన వచ్చి తవ్విన గుంతలు పెద్దవవుతాయి. టెండరు తేదీ నాటి తారు ధరను అగ్రిమెంట్లోనే రాసి, కొన్న రోజు ధరతో తేడాను ఇన్‌వాయిస్ ప్రకారం ఇచ్చిపుచ్చుకునేలా పెడితే, పెరిగితే కార్పొరేషన్ ఇస్తుంది, తగ్గితే కాంట్రాక్టర్ తిరిగిస్తాడు. మన ఉదాహరణలో పది శాతం పెరిగినా పడే భారం లక్ష. ఆ లక్ష మిగుల్చుకోవాలని పని ఆరు నెలలు ఆగితే ఎంత పోతుందో పైన చూశాం.

ఇంకో యాభై మీటర్లు

కోడ్ పుస్తకాల్లో లేని కారణం ఒకటుంది. పేవర్ వీధిలోకి రాగానే పక్క సందువాళ్లు వస్తారు. మిషన్ ఎలాగూ వచ్చింది కదా, ఇంకో యాభై మీటర్లు లాగించండి అంటారు. కార్పొరేటర్ ఫోన్ చేస్తారు. గుడి ముందు కొంచెం, బడి గేటు దాకా కొంచెం. ఎవరి కోరికా అన్యాయం కాదు. పని చూసే ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) కాదనడం కష్టం, అతను రేపు కూడా ఆ వీధిలోనే తిరగాలి. ఐదున్నర మీటర్ల వెడల్పున యాభై మీటర్లంటే ఇరవై టన్నుల మిక్స్, మన ఉదాహరణ రేటుకు లక్షా ఇరవై వేలు. అలాంటివి మూడు చేరితే మూడున్నర లక్షలు దాటుతుంది, అన్నీ చివర్లో ‘స్థానిక అవసరాల దృష్ట్యా’ అన్న ఒక్క వాక్యం కింద సవరణలోకి ఎక్కుతాయి.

దీనికి కఠినంగా ఉండమని చెప్పడం తేలిక. అంతకంటే పనికొచ్చేది, డబ్బును కదలకుండా బిగించి పొడవును కదిలేలా ఉంచడం. రోడ్డును ప్రాధాన్యం ప్రకారం రెండు భాగాలు చేసి, మొదటి 800 మీటర్లు తప్పనిసరి, చివరి 200 మీటర్లు డబ్బు మిగిలితేనే అని మంజూరులోనే రాస్తే, అడుగున ఊహించని గోతులు బయటపడినా మొత్తం పెరగదు, పొడవు తగ్గుతుంది. చివరి 200 మీటర్ల వాళ్లు ఊరుకోరన్నది నిజం. కానీ వాళ్లకు కారణం చూపించొచ్చు. పక్క సందుకు యాభై మీటర్లు ఇస్తే ఈ 200లో యాభై పోతాయని వీధిలో అందరికీ తెలిస్తే, ఏఈ కాదనాల్సిన అవసరం కూడా ఉండదు. వీధివాళ్లే తేల్చుకుంటారు.

ప్రతి అంచనాలోనూ అనుకోని ఖర్చుల కోసం కొంత శాతం ఉంచుతారు. ఆ మొత్తం దేనికి అన్నది రాయరు. రాయని డబ్బు మొదట అడిగినవాళ్లకు పోతుంది. అది తవ్వి నింపే విస్తీర్ణం పెరిగితే వాడటానికా, లేక మ్యాన్‌హోళ్లకా అన్నది ముందే పేరు పెట్టి ఉంచి, ఏ స్థాయి ఇంజినీరు ఎంత దాకా వాడొచ్చో రాసి, వాడిన రోజే ఫొటోతో, కొలతతో రికార్డు చేయాలి. అంచనాకూ జరిగిన పనికీ తేడాలు చూపుతూ పని ముగిశాక ఒకేసారి రాసే డీవియేషన్ స్టేట్‌మెంటు చరిత్ర రచనలా ఉంటుంది. దాన్నిబట్టి ఏదీ ఆపలేరు.

ఇదంతా కార్పొరేషన్‌కు ఎందుకు ముఖ్యమంటే, రోడ్లకు దొరికే డబ్బు తక్కువ. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పది లక్షల లోపు జనాభా ఉన్న నగరాలకిచ్చే నిధుల్లో అరవై శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికి ముడిపెట్టింది. మిగిలిన నలభైలోంచి, సొంత పన్నుల్లోంచి వీధి రోడ్లు రావాల్సి వచ్చింది. తిరుపతిలో యాభై డివిజన్లున్నాయి. ఒక వీధిలో పెరిగిన నాలుగు లక్షలు ఎక్కడి నుంచో రావు, జాబితా అడుగున ఉన్న వీధి నుంచి వస్తాయి. ఆ వీధివాళ్లకు ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

పని ముగిశాక కూడా ఖర్చు పెరుగుతూనే ఉండే దారి ఒకటి మిగిలింది. అగ్రిమెంట్లో లోపాల బాధ్యత కాలం అని ఉంటుంది. ఆ లోగా గుంత పడితే కాంట్రాక్టరే తన డబ్బుతో పూడ్చాలి. ఏ రోడ్డు గడువు ఎప్పుడు తీరుతుందో ఆఫీసులో ఒకచోట రాసి లేకపోతే, వానకు గుంత పడగానే మెయింటెనెన్స్ పద్దు కింద మళ్లీ డబ్బిచ్చి పూడ్పిస్తారు, ఒక్కోసారి అదే కాంట్రాక్టర్‌తో. గ్రామీణ సడక్ యోజన రోడ్లకు అగ్రిమెంట్లోనే ఐదేళ్ల నిర్వహణ కలిపి ఉంటుంది కాబట్టి అక్కడ ఈ మరపుకు అవకాశం తక్కువ. నగర వీధులకు అంత వద్దనుకున్నా, వీధి మొదట్లో ఒక బోర్డు మీద మందం, ఖర్చు, కాంట్రాక్టర్ బాధ్యత ముగిసే తేదీ రాసి పెట్టొచ్చు. ఆ అంకెల మీద అనుమానం వచ్చినవాళ్లకు 2005 సమాచార హక్కు చట్టంలోనే దారి ఉంది. పని కొలతలు రాసే ఎం-బుక్ నకలు అడగడంతో పాటు, జరుగుతున్న పనిని స్వయంగా చూసే హక్కు, వాడిన సరుకు ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కు కూడా సెక్షన్ 2(జె) ఇస్తుంది. పది రూపాయల దరఖాస్తుతో ఒక కోర్ ముక్క అడిగితే, 30 మిల్లీమీటర్లా 24 మిల్లీమీటర్లా అన్నది స్కేలు పెట్టి చూసుకోవచ్చు.